హ్యాడోస్ రోడ్డు మాస్టారు, ఆయన పొడుగు కాగితం

మాస్టారు పోయారని పోయిన నెల కబురొచ్చింది. విన్న దగ్గర్నుంచీ ముక్కుకి ఒకటే వాసన తగులుతోంది. వేడెక్కిన జిరాక్స్ మిషను, మూత తీసిన గమ్ము సీసా, స్టాంపు ప్యాడు సిరా కలగలిసిన వాసన. చెన్నైలో నుంగంబాక్కం వైపు కాగితాల కోసం తిరిగినవాళ్ళకి అది తెలిసే ఉంటుంది. హ్యాడోస్ రోడ్డులో శాస్త్రి భవన్‌లో పాస్‌పోర్టు ఆఫీసు ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల సందుల్లో టైపింగు షాపులు, ఫోటో స్టూడియోలు, చెట్టు కింద బల్ల వేసుకుని ఫారాలు నింపేవాళ్ళు. మాస్టారిది అలాంటి షాపే. నెల్లూరి మనిషి, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవారు. వీసా ఇప్పిస్తానని ఏనాడూ ఎవరితోనూ అనలేదు. "కాగితాలు సరిచేసి పెడతాను, తక్కినది మీ అదృష్టం" అనేవారు. నేను ఆయన దగ్గర టైపు కొట్టేవాణ్ణి, ఫైళ్ళు కుట్టేవాణ్ణి.

అమెరికా వీసాల జనం మాకు దూరం. వాళ్ళ ధ్యాసంతా జెమిని ఫ్లైఓవర్ పక్కనున్న కాన్సులేటు మీదే. హైదరాబాదులో కాన్సులేటు రాకముందు తెలుగువాళ్ళు చార్మినార్ ఎక్స్‌ప్రెస్ దిగి, లాడ్జిలో స్నానం చేసి, నుదుట కుంకుమతో అక్కడ లైను కట్టేవారు. మా షాపుకి వచ్చేవాళ్ళు వేరు. వేళచ్చేరిలోనో ఆదంబాక్కంలోనో అద్దె ఇల్లు, చంకలో ఏడాది పిల్ల, భర్తతో సమానంగా చదువుకున్న భార్య. ఆయన హెచ్-1 ఉద్యోగ వీసా మీద వెళ్తే, హెచ్-4 అనే కుటుంబ వీసా మీద వెళ్ళిన ఆవిడ అప్పట్లో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. ఇద్దరూ పని చేసుకోవాలి, పిల్లతో సహా మొదటి రోజు నుంచే పీఆర్ (స్థిరనివాసం) ఉండాలి అనుకునేవాళ్ళు కెనడా అనో ఆస్ట్రేలియా అనో అడుగుతూ మెట్లెక్కేవారు.

*

ఎవరొచ్చినా ముందు సర్టిఫికెట్లు అడిగేవారు కాదు మాస్టారు. రెండు ఫుల్‌స్కేప్ కాగితాలు నిలువుగా అతికించి, స్కేలు పెట్టి గళ్ళు గీసేవారు. అదే ఆయన పొడుగు కాగితం. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ ఊళ్ళో, ఏం చేస్తూ, రుజువుకి ఏ కాగితం. ఇంటర్ దగ్గర మొదలైతే ఆ రోజు వరకూ ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. కెనడా ఫారం పదేళ్ళ చరిత్ర అడుగుతుంది. ఆస్ట్రేలియావాళ్ళ ఫారం 80లో అయితే, కాపురమున్న ఇళ్ళు, తిరిగిన దేశాలు కూడా రాయాలి.

అందరూ తడబడేది ఉద్యోగం లేని నెలల దగ్గరే. కాలేజీ అయ్యాక అమీర్‌పేటలో కోర్సు చేస్తూ గడిపిన ఎనిమిది నెలలు చెప్పుకోవడానికి నామోషీ. ఆ నెలల్ని మొదటి ఉద్యోగంలో కలిపేస్తే పోతుందనుకుంటారు. "ఉద్యోగం వెతుక్కుంటూ ఇంట్లో ఉన్నాను అని రాయి బాబూ, అది నేరం కాదు" అనేవారు మాస్టారు. కలిపేస్తే రిలీవింగ్ లెటర్లో ఒక తేదీ, పీఎఫ్ స్లిప్పులో ఇంకో తేదీ బయటపడతాయి. ఫైలు చూసే ఆఫీసరుకి పోయిన నెలలు ఎన్ని అన్నది పట్టదు, చెప్పిందొకటి కాగితంలో ఉన్నదొకటి అన్నదే కనబడుతుంది. తప్పుడు సమాచారం అని తేలితే కెనడా ఒకప్పుడు రెండేళ్ళు తలుపు మూసేది, 2014 చివరి నుంచి ఐదేళ్ళు. ఆస్ట్రేలియాలో మూడేళ్ళు. అదీ ఒక్క భర్తకే కాదు, ఫైల్లో ఉన్న కుటుంబమంతటికీ చుట్టుకుంటుంది.

*

పీఆర్‌కి కావలసిన పాయింట్ల లెక్క ఆయనకి ఎక్కాల్లా నోటికొచ్చేది. 2003లో కెనడా పాసు మార్కు 75 నుంచి 67కి దిగింది. బీటెక్‌కి 20, నాలుగేళ్ళ అనుభవానికి 21, 49 దాటని వయసుకి 10, ఇంగ్లీషులో నాలుగు విభాగాలకీ పై మెట్టు అందితే 16. కూడితే సరిగ్గా 67. ఒక్క విభాగంలో ఒక మెట్టు జారితే 65. ఎంసీయేవాళ్ళకి చదువుకి 25 కాబట్టి దిగుల్లేదు. బీటెక్ అబ్బాయి 65 దగ్గర ఆగి మొహం వేలాడేసినప్పుడు మాస్టారు ఆ అమ్మాయి వైపు తిరిగేవారు. "నువ్వేం చదివావమ్మా?" భాగస్వామికి బ్యాచిలర్ డిగ్రీ ఉంటే 4, మాస్టర్స్ అయితే 5. అప్పటిదాకా పిల్లని ఆడిస్తూ గుమ్మంలో నిలబడ్డ ఆవిడ అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చునేది.

ఆస్ట్రేలియా లెక్క అప్పట్లో 120. వృత్తికి 60, ముప్ఫై నిండకపోతే వయసుకి 30, ఐఎల్‌టీఎస్‌లో (ఇంగ్లీషు పరీక్ష) నాలుగు విభాగాల్లోనూ 6 వస్తే 20, గడిచిన నాలుగేళ్ళలో మూడేళ్ళు అదే పని చేసి ఉంటే 10. అదీ అంచు మీద నిలబడే లెక్కే. ముప్ఫయ్యో పుట్టినరోజు దాటిందా, వయసుకి 25. అక్కడ మళ్ళీ భార్య చదువూ ఉద్యోగమూ తెచ్చిపెట్టే 5 పాయింట్లే దిక్కు, లేదా వాళ్ళకి కొరత ఉన్న వృత్తుల జాబితాలో పేరుండాలి. కాబట్టి పుట్టినరోజు లోపు ఫైలు అడిలైడ్‌లో వాళ్ళ వీసా ఆఫీసుకి చేరాలి. కొరియర్ వాడికి ఇచ్చిన తేదీ కాదు, అక్కడ అందిన తేదీ. ఆ వారాల్లో మా షాపులో అరుపులు తప్ప మాటలు ఉండేవి కావు.

తర్వాత అన్నీ మారాయి. ఆస్ట్రేలియాలో 2012 జులైలో స్కిల్‌సెలెక్ట్, కెనడాలో 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే కొత్త పద్ధతులు వచ్చాయి. పాసు మార్కు దాటితే చాలదు, ముందు వరుసలో ఉంటేనే పిలుపు. వయసు కూడా ఫైలు వేసిన రోజుది కాదు. ఆస్ట్రేలియాలో పిలుపు వచ్చిన రోజు వయసే లెక్క, 33 నిండితే 5 పోతాయి. కెనడాలో 29 దాటాక ప్రతి పుట్టినరోజుకీ 5 తగ్గుతూ, నలభై దాటాక ఇంకా వేగంగా జారుతుంది. కేకు కోయడానికి భయపడే మనుషుల్ని అప్పుడే చూశాను.

ఆ కాలంలో మాస్టారు పట్టుబట్టి చెప్పిన మాట ఒకటుంది. ఫైల్లో మొదటి పేరు భర్తదే ఉండాలని ఏ దేశం రూల్సులోనూ లేదు. భర్తకి 36, భార్యకి 29 అనుకోండి. కెనడా లెక్కలో జంటగా వెళ్ళేవాళ్ళకి వయసు పాయింట్లే 65కీ 100కీ తేడా. ఆవిడని ముందు పెట్టి, ఆయన్ని భాగస్వామిగా చూపిస్తే సరిపోయేది. చెప్పగానే ఒప్పుకున్నవాళ్ళు తక్కువ. మామగారికి ఫోన్ చేసి కనుక్కుంటామని లేచి వెళ్ళిపోయినవాళ్ళున్నారు. మళ్ళీ ఆరు నెలలకి ఆవిడ ఐఎల్‌టీఎస్ మార్కులతో తిరిగొచ్చేవారు.

ఐఎల్‌టీఎస్ గురించి ఒక ముక్క. జనరల్ పరీక్షలో లిజనింగ్‌కి 8, తక్కిన మూడింటికీ 7 వస్తే కెనడావాళ్ళ ఇంగ్లీషు కొలతలో తొమ్మిదో మెట్టు, అక్కడే పాయింట్లు ఒక్కసారిగా పెరుగుతాయి. మనవాళ్ళు స్పీకింగ్‌కి భయపడతారు కానీ చాలామంది 6.5 దగ్గర ఇరుక్కునేది రైటింగ్‌లోనే. గంటలో 150 మాటల లెటరు ఒకటి, 250 మాటల వ్యాసం ఒకటి. వ్యాసానికి రెట్టింపు విలువ. కానీ లెటరు మొదట ఉంటుంది కదా అని అరగంట దానికే తగలేస్తారు, పైగా ఆఫీసు ఈమెయిల్లా ముక్కలు ముక్కలుగా రాస్తారు. లెటరుకి ఇరవై నిమిషాలు దాటితే పెన్ను ఎత్తేయమనేవారు మాస్టారు. మార్కులకి ఆయుష్షు రెండేళ్ళే.

*

ఇక పేర్లు. వీటి మీద ఆయన వెచ్చించిన ఓపిక దేనిమీదా వెచ్చించలేదు.

ఎస్‌ఎస్‌సి మెమోలో ఇంటిపేరు ముందు. డిగ్రీలో ఇంటిపేరుకి పొడి అక్షరం. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, విప్పి రాయాలి. మద్రాసులో పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు ఇక్కడి పద్ధతిలో ఇంటిపేరే వదిలేసి, తండ్రి పేరులో మొదటి అక్షరం పెట్టుకుని ఉంటారు. అలాంటాయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో తండ్రి పేరు, పిల్ల పాస్‌పోర్టులో ఆ గడిలో ఈయన పేరు, భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు. ముగ్గురు మనుషులు, మూడు ఇంటిపేర్లు, ఒకే ఫైలు.

దానికి ఆయన మందు ఒకటే: ఏదీ మార్చవద్దు. ఇప్పుడు పాస్‌పోర్టు మారిస్తే రాసిన పరీక్ష, వచ్చిన వీసా ముద్రలు అన్నీ పాత పేరు మీద మిగిలిపోతాయి. పాస్‌పోర్టులో అక్షరం ఎలా ఉందో పరీక్షకీ, ఫారానికీ, బ్యాంకు లెటరుకీ అలాగే. తేడా ఉన్న పాత సర్టిఫికెట్లన్నిటినీ వరుసగా రాసి, ఈ పేర్లన్నీ ఒకే మనిషివి అని అప్పటి 20 రూపాయల స్టాంపు పేపరు మీద అఫిడవిట్, కింద నోటరీ ముద్ర. ముద్రలో నోటరీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ చదవగలిగేలా పడాలి. మసకగా పడితే నన్ను మళ్ళీ ప్యారిస్ కార్నర్ దాకా పంపేవారు, ఎండలో అయినా సరే.

పిల్లల జనన పత్రాలది ఇంకో కథ. తొలి కాన్పు పుట్టింట్లో కదా మనకి. కాపురం చెన్నైలో, పురుడు తెనాల్లోనో తణుకులోనో. అక్కడి మునిసిపాలిటీ ఇచ్చిన కాగితం తెలుగులో చేత్తో రాసి ఉంటుంది, బిడ్డ పేరు గడి ఖాళీ. ఇరవయ్యొకటో రోజున పేరు పెట్టారు కానీ ఎవరూ వెళ్ళి రాయించలేదు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదిలోపు ఉచితంగా పేరు చేర్చవచ్చు, తర్వాత కొద్దిపాటి రుసుము. ఆ పని తాతగారి చేత అక్కడే చేయించి, ఇంగ్లీషు ప్రతి తెప్పించుకోమనేవారు మాస్టారు. తెలుగు కాగితాన్ని ఇక్కడ అనువాదం చేయించే కన్నా అది చవక, చిక్కు తక్కువ.

పెళ్ళి సర్టిఫికెట్ కూడా అంతే. పెళ్ళి కార్డు, ఆల్బం తెచ్చి చూపించేవారు. వీసాకి పనికొచ్చేది సబ్ రిజిస్ట్రారు ఇచ్చిన కాగితమే. ఆల్బం మాత్రం మాస్టారు మొదటి పేజీ నుంచి చివరి దాకా చూసేవారు, ఏ ఊరి బంధువులో అడుగుతూ.

*

ట్రాన్‌స్క్రిప్టుల కవరు అంటే మా షాపులో భక్తి. యూనివర్సిటీ పేరున డీడీ తీసి, మార్కుల మెమోలన్నీ, తప్పినవాటితో సహా, జిరాక్సులు జతచేసి పంపాలి. చెన్నైలో ఉద్యోగం చేసేవాడు విశాఖకో తిరుపతికో వెళ్ళలేడు, బామ్మర్ది వెళ్ళాలి. వాళ్ళు కవర్లో పెట్టి అంటించి, అతుకు మీద సంతకం చేసి ముద్ర వేస్తారు, కొన్నిచోట్ల లక్క కూడా. దాన్ని తెరిస్తే ఇక చెల్లదు. లోపల మార్కులు సరిగా వేశారో లేదో చూద్దామని చాకుతో విప్పిన బామ్మర్దులు ఉన్నారు. అందుకే ఎప్పుడూ రెండు కవర్లు ఎక్కువ తీసుకోమనేవారు. 2013 నుంచి కెనడాకి చదువు విలువ కట్టించిన రిపోర్టు తప్పనిసరి అయ్యాక ఆ కవర్లు టొరంటో వైపు బయల్దేరాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకుని ఓడీ (అసలు డిగ్రీ పట్టా) తీసుకోనివాళ్ళకి అప్పుడు జ్ఞానోదయం అయ్యేది.

అనుభవం లెటరు అన్నిటికన్నా మొండిది. కంపెనీ ఇచ్చేదాంట్లో హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ మూడే ఉంటాయి. కావలసింది వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏ పని చేశారు. హెచ్‌ఆర్ వాళ్ళు "మా పద్ధతి ఇంతే" అంటారు. అప్పుడు పైన పనిచేసిన మేనేజరు చేతో తోటి ఉద్యోగి చేతో పనుల వివరంతో ప్రమాణపత్రం రాయించి, దాని వెనక మొదటి పే స్లిప్పు, చివరి పే స్లిప్పు, ప్రతి ఏడాది ఫారం 16, జీతం పడ్డ బ్యాంకు కాగితాలు పెట్టాలి. పనుల జాబితా సర్కారు వెబ్‌సైటులో ఉన్న మాటల్నే దించి తెచ్చేవారు చాలామంది. మాస్టారు ఎర్ర పెన్నుతో కొట్టేసేవారు. "నువ్వు పొద్దున పదింటికి కుర్చీలో కూర్చుని ఏం చేస్తావో అది చెప్పు."

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్ళది మన దగ్గర పెద్ద సైన్యం. ఆస్ట్రేలియా కంప్యూటర్ సొసైటీ 2013 నుంచి మొదటి కొన్నేళ్ళ అనుభవాన్ని నైపుణ్యం తెచ్చుకునే కాలం కింద తీసేసి మిగిలినదే లెక్కపెట్టేది. కంప్యూటర్ డిగ్రీ పనికి సరిపోతే రెండేళ్ళు, అంతగా సరిపోకపోతే నాలుగేళ్ళు. ఐటీ డిగ్రీ లేకుండా ఆర్‌పీఎల్ (పనిలో నేర్చుకున్నదాన్నే చదువుగా లెక్కించే) దారిలో వచ్చేవాళ్ళకి ఆరు, పైగా సొంతంగా రాసిన రెండు ప్రాజెక్టు రిపోర్టులు. ఎనిమిదేళ్ళ అనుభవం ఉందని ధీమాగా వచ్చినవాడికి పాయింట్లొచ్చే అనుభవం రెండేళ్ళే అని చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. మూడేళ్ళు ఉంటేనే మొదటి 5 పాయింట్లు మరి.

*

పిల్లలున్న ఇళ్ళలో చివరి రెండు మెట్లు జారుడువి. డబ్బు, డాక్టరు.

కెనడాకి చూపించే డబ్బు చేతిలో ఆడేది కావాలి. ఇల్లు, పొలం, బంగారం లెక్కలోకి రావు. బ్యాంకు లెటరులో ఖాతా తెరిచిన తేదీ, ఇవాళ్టి నిల్వ, ఆరు నెలల సగటు, ఉన్న అప్పులు ఉండాలి. సంక్రాంతికి వెళ్ళి నాన్న దగ్గర తెచ్చి ఒక్కసారే వేసిన లక్షలు సగటులో దొరికిపోతాయి. తప్పదంటే, తిరిగి ఇవ్వక్కర్లేని కానుక అని నాన్న చేత గిఫ్ట్ డీడ్ రాయించి, ఆయన ఖాతా కాగితం జతచేయాలి.

వైద్య పరీక్ష వాళ్ళు నియమించిన డాక్టరు దగ్గరే. ఆస్ట్రేలియాకి పదకొండేళ్ళు నిండినవాళ్ళకి ఛాతీ ఎక్స్‌రే. 2015 చివరి నుంచి రెండేళ్ళు దాటిన చిన్నపిల్లలకి కూడా టీబీ పరీక్ష పెట్టారు, చర్మం మీద చేసేదో రక్తంతో చేసేదో. మన పిల్లలకి పుట్టగానే బీసీజీ వేస్తారు కాబట్టి చర్మం పరీక్షలో జబ్బు లేకపోయినా దద్దురు రావచ్చు. రక్తపరీక్షే అడగండని చెప్పేవాళ్ళం. భార్య కడుపుతో ఉంటే ఎక్స్‌రే కాన్పు దాకా ఆపుకోవచ్చు, అప్పుడు ఫైలంతా ఆగుతుంది. బిడ్డ పుట్టాక జనన పత్రం, పాస్‌పోర్టు తీసి ఫైల్లో చేర్చాలి. నెలల పసికందుని తెల్లగుడ్డ మీద పడుకోబెట్టి కళ్ళు తెరిచి ఉండగా ఫోటో తీయడానికి ఎదురు స్టూడియో కుర్రాడు గిలక్కాయ ఊపుతూ గంటలు గడిపేవాడు. కెనడాకి 50 బై 70 మిల్లీమీటర్లు, వెనక స్టూడియో ముద్ర, తేదీ.

వీసా ఆలస్యమవుతుందని బిడ్డ సంగతి దాచిపెట్టి వెళ్ళిపోతామన్నవాళ్ళని మాస్టారు షాపులోంచి లేపేశారు. ఆయన కోపానికి కారణం ఉంది. కెనడా నిబంధనల్లో, దిగేలోపు చెప్పని బిడ్డని తర్వాత కుటుంబసభ్యుడిగా స్పాన్సర్ చేయడానికే అడ్డు వచ్చేది.

పీసీసీ, అంటే నేరచరిత్ర లేదని పోలీసులిచ్చే కాగితం, దాని గురించి ఎంత చెప్పినా తక్కువ. ఆన్‌సైట్ పేరుతో ఏ దేశంలో ఎన్నాళ్ళున్నారో పొడుగు కాగితంలో తేలేది. కెనడాకి ఆరు నెలలు, ఆస్ట్రేలియాకి పదేళ్ళలో మొత్తం పన్నెండు నెలలు దాటితే ఆ దేశం పోలీసు కాగితం కావాలి. అమెరికాది అయితే పది వేళ్ళూ సిరాలో దొర్లించి కార్డు మీద వేయాలి. గోరు అంచు నుంచి అంచు దాకా దొర్లకపోతే, సిరా చిక్కగా అంటితే, తిరిగొస్తుంది. ఆస్ట్రేలియావాళ్ళు మొదటిసారి దిగవలసిన గడువుని వైద్య పరీక్ష, పీసీసీల్లో ముందు తీసిన దాని నుంచి ఏడాదిగా కట్టేవారు. హుషారుగా అన్నీ ముందే తీసి పెట్టుకున్నవాళ్ళకి చివర్లో మిగిలేది కొద్ది వారాలే.

*

2012 ఎండాకాలం అయిపోయాక షాపు చిన్నబోయింది. 2008 ఫిబ్రవరి 27కి ముందు ఉద్యోగ నైపుణ్యం మీద వేసిన స్కిల్డ్ ఫైళ్ళలో తేలనివాటిని మూసేస్తూ కెనడా చట్టం చేసింది. కుటుంబాలతో కలిపి దాదాపు 2,80,000 మంది. కట్టిన ఫీజు వెనక్కిచ్చారు. వరుసలో నిలబడ్డ కాలాన్ని ఎవరిస్తారు? బిడ్డని ఎత్తుకుని వచ్చి సంతకాలు పెట్టిన జంటలు, ఆ బిడ్డ హైస్కూలుకి వచ్చాక ఫీజు వాపసు ఫారం నింపించుకోవడానికి వచ్చారు. మాస్టారు వాళ్ళ దగ్గర డబ్బు తీసుకోలేదు. పొడుగు కాగితం మళ్ళీ గీయమన్నవాళ్ళకి గీసిచ్చారు, కానీ అప్పటికి చాలామందికి వయసు పాయింట్లు కరిగిపోయాయి.

టిక్కెట్లు చేతికొచ్చినవాళ్ళు సామాను జాబితా కోసం ఆఖరిసారి వచ్చేవారు. కెనడాకి రెండు జాబితాలు, వెంట తెచ్చేవి, వెనక వచ్చేవి. దిగిన రోజే రెండో జాబితా కూడా చూపించకపోతే తర్వాత వచ్చే సామానుకి సుంకం పడవచ్చు. నగలకి ఒక్కోదానికీ ఫోటో, బరువు, కంసాలి దగ్గర కాకుండా విలువ కట్టే మనిషి దగ్గర తీసిన కాగితం. మిక్సీ అక్కడ తిరగదు, వాళ్ళ కరెంటు 120 వోల్టులు. 110 వోల్టుల మిక్సీలు చెన్నైలోనే దొరికేవి. ఆస్ట్రేలియాకి మన మిక్సీ సరిపోతుంది, ప్లగ్గు మారిస్తే చాలు. కుక్కరుకి గ్యాస్కెట్లు మాత్రం ఎక్కడికైనా నాలుగు ఎక్కువ.

ఆస్ట్రేలియా వాళ్ళతో మాస్టారి గొడవంతా తిండి మీద. పాలకోవా కట్టవద్దనేవారు, మన పశువులకి గాలికుంటు ఉంది కనుక పాల సరుకు వాళ్ళు రానివ్వరు. పచ్చళ్ళు, పొడులు సంగతేమిటని అత్తగార్లు పక్కనుంచి అడిగేవారు. "తీసుకెళ్ళండమ్మా. కానీ విమానంలో ఇచ్చే కార్డులో తిండి సామాను ఉందా అంటే ఉందని రాయాలి. రాస్తే చూసి వదిలేస్తారు, లేదా తీసి పారేస్తారు. దాచి దొరికితే జరిమానా. ఆవకాయ పోతే పోయింది, వచ్చే వేసవికి మీరు మళ్ళీ పెడతారు కదా!"